గడియారం పక్కన దాచిన ఉత్తరాలు

ఆ రోజుల్లో సెల్‌ఫోను ఇంటికొకటి, కంప్యూటర్ వీధికొకటి. హిందూపురం బజారులో ఒక మేడ మీద కొన్నాళ్లు కంప్యూటర్ నేర్చుకుని, అది నాకు పూర్తిగా వచ్చేసిందని నేను నమ్మాను, మా ఇంట్లోవాళ్లనూ నమ్మించాను. ఇప్పుడు ఏదైనా బటన్ నొక్కాలంటే ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తాను. అప్పుడు నొక్కిన తర్వాత కూడా ఆలోచించేదాన్ని కాదు. ఆ ధైర్యం తలుచుకుంటే నా మీద నాకే కొంచెం అసూయగా ఉంటుంది.

ఆ ధైర్యంతోనే ధర్మవరంలో ఒక పట్టుచీరల వ్యాపారి ఆఫీసులో ఉద్యోగం తెచ్చుకున్నాను. పొద్దున ప్యాసింజర్లో పోవడం, సాయంత్రం ప్యాసింజర్లో రావడం. మా నాయన మార్కెట్ యార్డులో చింతపండు వేలంపాటలు పలికే మనిషి, బేరం లేకుండా దేనికీ ఒప్పుకోడు. నా ఉద్యోగానికీ బేరం పెట్టాడు. "చూడు పాపా, సాయంత్రం బండికి నేను స్టేషన్లో నిలబడుకోనుంటా. ఆ బండిలో నువ్వు దిగని దినమే నీ ఉద్యోగానికి ఆఖరు. నలుగుర్లో ఒక మాట వచ్చినా అంతే" అన్నాడు. నేను తల ఊపాను. చేరడానికి ముందు ఎవరైనా అన్నిటికీ తల ఊపుతారు కదా.

ఆఫీసంటే కుర్చీలు బల్లలు ఉన్న ఆఫీసు కాదు. నేల నిండా పరుపులు, వాటి మీద తెల్ల దుప్పట్లు, గోడకు ఆనుకుని దిండ్లు. యజమానిని అందరూ పెద్దాయన అనేవారు, ఎదుట ఉంటే సామీ అనేవారు. కొత్త డిజైను చీర మగ్గం మీంచి దిగి కొన్నవాళ్ల షాపు చేరేదాకా మూడో కంటికి తెలియకూడదని ఆ ఊళ్లో ఒక పట్టుదల. బయటివాళ్లు గడప తొక్కితే మగ్గం మీద గుడ్డ పడాల్సిందే. పెద్దాయన ఈ పద్ధతిని కంప్యూటర్‌కూ తెచ్చాడు. షాపులవాళ్లు ఆర్డర్లు మెయిల్లో పంపేవారు. ఆ మెయిల్ ప్రోగ్రాం ఎప్పుడూ తెర నిండా తెరిచి ఉండాలి, కొనేవాళ్లు ఎవరైనా మెట్లెక్కిన చప్పుడు కాగానే ఆయన భుజం మీది టువాలు తీసి మానిటర్ మీద కప్పేవాడు. వాళ్లు పోయాక తీసేవాడు. ఉత్తరాలు ఎక్కడివక్కడే ఉండేవి. (కంప్యూటర్ గురించి ఆయనకు తెలిసిన విద్య మొత్తం ఇంతే. నాకు తెలిసింది దీనికంటే ఎక్కువేమీ కాదని అప్పటికింకా బయటపడలేదు.)

ఆ టువాలు చూస్తే నాకు తలకొట్టేసినట్టు ఉండేది. ఇన్‌స్టిట్యూట్‌లో చదివొచ్చిన పిల్లనుండగా కంప్యూటర్‌కు టువాలా! తెర కింద కుడి మూలలో, గడియారం పక్కన, మా మెయిల్ ప్రోగ్రాంకు చిన్న కవరు బొమ్మ ఒకటి ఉండేది. ఒకరోజు మధ్యాహ్నం దాని మీద కుడి బటన్ నొక్కితే ఒక పట్టిక లేచింది. చిన్నది చేసినప్పుడు పూర్తిగా దాచేయాలా అని అందులో ఒక మాట కనిపించింది. దానికి టిక్కు పెట్టాను. మినిమైజ్ నొక్కాను. తెర మీది మెయిల్ కిటికీ మాయం! కింది పట్టీలో దాని పేరు కూడా లేదు. కవరు బొమ్మ మీద రెండుసార్లు నొక్కితే మళ్లీ ప్రత్యక్షం. నేనే కనిపెట్టినంత సంబరపడిపోయాను. తీరిగ్గా పెద్దాయనకు చూపించి, టువాలును దాని అసలు పనికి పంపించేద్దాం అనుకున్నాను.

తీరిక దొరకలేదు. ఆ సాయంత్రమే బెంగుళూరు షాపునుంచి పెళ్లికూతురి చీరకు అంచు రంగు ఖాయం చేస్తూ మెయిల్ రావాల్సి ఉంది. రంగులద్దే ఆయన పొయ్యి వెలిగించుకుని, పట్టు పక్కన పెట్టుకుని కూర్చున్నాడు. నేను సంచీ భుజాన వేసుకుంటుండగా మెట్ల మీద చెప్పుల చప్పుడు. చూస్తే చిక్‌బళ్లాపురం షాపాయన, బెంగుళూరు వాళ్లకు బద్ధ పోటీదారు. పెద్దాయన చెయ్యి టువాలు మీదకు పోయింది. నేను దర్జాగా మినిమైజ్ నొక్కి, "దాచేసినా సామీ, టువాలు అక్కర్లే" అని ఆయన చెవిలో చెప్పి, బండికి టైమైందని పరుగెత్తాను.

పెనుకొండలో మా బండిని ఎప్పటిలాగే ఎక్స్‌ప్రెస్ కోసం ఆపారు. నా పక్కన సీజన్ అత్త కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. (మా హిందూపురం ఆవిడే, ధర్మవరంలో టీచరమ్మ. అందరికంటే పాత సీజన్ టికెట్ ఆవిడదే కాబట్టి ఆ పేరు.) అప్పుడు ప్లాట్‌ఫారం మీద టీ అమ్మే మనిషి ఒకడు, పెద్దాయనకు దూరపు చుట్టమట, సెల్‌ఫోను పైకెత్తి పట్టుకుని పెట్టె పెట్టెకూ కేకేసుకుంటూ వస్తున్నాడు. "కంప్యూటర్ పాప ఎవురమ్మా? ధర్మవరంలో ఉత్తరాలు ఎత్తుకోని వచ్చిన పాప యాడుండాది?"

పెట్టె మొత్తం తలలు తిప్పింది. సీజన్ అత్త చిక్కుడుకాయలు పక్కన పెట్టి నా వైపు చూసింది. "ఏం పాపా, నిన్నేనా? ఎవురి ఉత్తరాలు? లవ్ లెటర్లా?" నలుగురిలో వచ్చే మాట అంటే ఇదే కాబోలు అనుకున్నాను. కిటికీ ఊచల్లోంచి ఫోను అందుకున్నాను.

"ఏమ్మే, యాడ దాచినావు?" పెద్దాయన గొంతు. "బెంగుళూరోళ్లు మెయిల్ ఏసినామని రెండుమాట్లు ఫోన్ చేసిరి. నన్నే చూస్కోమని పెట్టేసిరి. ఈడ తెర మీద ఏమీ లే. ఆడ రంగులాయన పొయ్యి కాడ కూసోనుండాడు. నువ్వు దిగి ఎనక్కి వచ్చేయ్."

దిగితే నాయన మాట ప్రకారం ఉద్యోగం పోతుంది. దిగకపోతే పెద్దాయన తీసేస్తాడు. ఎటు చూసినా రేపటినుంచి నేను ఇంట్లోనే. "గడియారం పక్కనే ఉండాది సామీ, చూడండి!" అన్నాను.

అవతల స్టూలు జరిపిన శబ్దం. దుమ్ముకు దగ్గు. "గడియారం ఎనకాల కూడా చూసినా పాపా. పాత అంచు ముక్కలుండాయి, సాలెగూడుండాది. ఉత్తరాలు లేవు."

ఆయన తప్పేమీ లేదు. ఆ ఆఫీసులో దాచాల్సినవన్నీ, అంచు ముక్కలు, బీరువా తాళాలు, ఆఖరికి ఆయన చుట్టలు కూడా గోడ గడియారం వెనకే ఉండేవి. "గోడ గడియారం కాదు సామీ! తెరలో గడియారం! కింద, కుడి పక్క!" నా అరుపుకు పక్క పెట్టెవాళ్లు కూడా తొంగిచూశారు. ఎక్స్‌ప్రెస్ ధడధడమని దాటిపోయింది. మా బండి కూత వేసింది.

"కుడి పక్క అంటే నాకు కుడా, దానికి కుడా?" అన్నాడు పెద్దాయన.

బండి కదిలింది. టీ మనిషి కిటికీ వెంట పరుగు. "ఫోనమ్మా! నా ఫోను!" ఒక చేత్తో వాణ్ని ఆగమంటూ ఇంకో చేత్తో ఫోను చెవికి నొక్కుకున్నాను. అప్పుడు లోపలినుంచి ఇంకో గొంతు, తాపీగా, కన్నడ యాసలో వినిపించింది. "ఇటియ్యండి సామీ, నేను చూస్తా. ఇదిగో ఇక్కడుంది కవరు. వచ్చింది మెయిల్. చదివేదా? అంచు నెమలికంఠం వద్దంట, వంకాయ రంగు చేయమంటాండారు."

ఎవరినుంచి దాచానో ఆ చిక్‌బళ్లాపురం షాపాయనే మెయిల్ తెరిచి, ఆఫీసంతా వినేలా చదివి పెట్టాడు. ఫోను టీ మనిషి చేతిలో పడేసి, నేను సీటులో కూలబడ్డాను.

హిందూపురంలో దిగేసరికి సీజన్ అత్త నాకంటే ముందు దిగి, నాయనకు మొత్తం చెప్పేస్తోంది, కొంత కలిపి కూడా. నాయన విన్నాడు. ఇంటి దారి పట్టాడు. నేను పక్కనే నడుస్తూ ఉద్యోగానికి మనసులోనే దండం పెట్టేసుకున్నాను. గుమ్మం దగ్గర చెప్పులు విడుస్తూ, "దొరికినాయంట కదా ఉత్తరాలు?" అన్నాడు.

"దొరికినాయి నాయనా."

"ఊఁ. రేప్పొద్దున క్యారేజీలోకి ఏం కావాల్నో మీయమ్మకు చెప్పు. లేటు చేస్తే బండి పోతాది." అని చెప్పి కాళ్లు కడుక్కోవడానికి పోయాడు. నేను అక్కడే నిలబడి ఏడ్చేశాను.

మర్నాడు పెద్దాయన తిట్టలేదు. ఎదుట కూర్చోబెట్టి, "చిక్‌బళ్లాపురం ఆయప్ప ఏమన్నాడో తెల్సునా? నీ టువాలు పల్చన సామీ, ఇన్నాళ్లూ అన్నీ కనపడుతుండె, నిన్న ఆ పాప దాచినాకే ఏమీ కనపడక అల్లాడిపోయినా అన్నాడు" అని చెప్పి, నవ్వు ఆపుకోలేక దగ్గాడు. పోతూ పోతూ ఆ షాపాయన తనకూ వంకాయ అంచు చీరలు కావాలని అడిగాడట. పెళ్లయ్యేదాకా కుదరదని పెద్దాయన పంపేశాడట. ఆ సాయంత్రం నాచేత ఆ టిక్కు తీయించి, టువాలు మాత్రం కొత్తది, మందమైనది తెప్పించాడు.

ఆ తర్వాత చాలా ఆఫీసులు మారాను. ఎక్కడ కొత్త కంప్యూటర్ ఇచ్చినా నేను మొదట చేసే పని ఆ దాచే టిక్కు ఉందేమో వెతికి తీసేయడం. "అట్లా అందరికీ కనపడేలా ఎందుకు మేడం?" అని నా దగ్గర పనిచేసే పిల్లలు అడుగుతారు. అలవాటమ్మా అంటాను. వాళ్లు తమ సీట్లకు పోయాక, రైలు కిటికీలోంచి పరాయివాడి ఫోను పట్టుకుని "గోడ గడియారం కాదు సామీ" అని గొంతు చించుకున్న ఆ పిల్ల గుర్తొస్తుంది. తెర కింద గడియారం వైపు ఒకసారి చూసి, నాలో నేనే నవ్వుకుని పనిలో పడతాను.