నొక్కి మాట్లాడే రిమోటు

టీవీ వెనకాల గుచ్చితే నెట్టులో బొమ్మలు చూపించే ఆ బుల్లి ముక్క కోసం నేను తిరిగినన్ని కొట్లు మా పేటలో పెళ్లి పట్టుచీరకి కూడా ఎవరూ తిరిగి ఉండరు. బందరు కోనేరు సెంటర్లో తిరిగాను. ఎండుచేపల తట్ట వేసుకుని అమ్మకానికి గుడివాడ వెళ్లిన రోజున అక్కడా తిరిగాను. పుట్టింటికి నాగాయలంక వెళ్తే, మా అక్క ఇంట్లో ఉన్నదాన్ని ఊడదీయించి మరీ చూశాను. అక్క నవ్వింది. "సినిమాలు చూసుకునేదానికి ఇంత పరీక్షేంటే? ఏదో ఒకటి కొనెయ్" అంది. నాకు ఒళ్లు మండింది. సినిమాల కోసమైతే ఏదో ఒకటి చాలు. నాకు కావలసింది సినిమాలు కాదు, మా బావ నోట్లోంచి ఒక్క మాట.

బావంటే నా మొగుడే, మా మేనమామ కొడుకు. గిలకలదిండి రేవులో మరబోటుకి సరంగు. బోటు నడపడం, వల ఎక్కడ వెయ్యాలో చెప్పడం, కింద పనిచేసే కళాసీల్ని అదిలించడం అన్నీ ఆయన పనే. నోటితో బతికిన మనిషి. సముద్రం మీద ఇంజను మోతలో అరిచి అరిచి, ఇంట్లో పచ్చడి అడగాలన్నా అరిచే అడిగేవాడు. "ఎందుకలా అరుస్తావ్, నేనేమన్నా చెవిటిదాన్నా?" అని రోజూ తిట్టేదాన్ని. ఒక పొద్దున మంచం మీంచి లేవబోయి అలాగే పక్కకి ఒరిగిపోయాడు. పక్షవాతం అన్నారు. కాలూ చెయ్యీ కొద్దికొద్దిగా స్వాధీనంలోకి వచ్చాయి గానీ మాట రాలేదు. పిలిస్తే చూస్తాడు, అడిగితే తల ఊపుతాడు, అంతే. పెదవి విప్పడానికి కూడా ప్రయత్నం చెయ్యడు.

"మీరే అన్నీ అందిస్తుంటే ఆయన నోరెందుకు విప్పుతారమ్మా? మాట్లాడక తప్పని అవసరం రావాలి. త్వరగా మాట్లాడించండి, ఆలస్యమయ్యే కొద్దీ ఆశ తగ్గిపోతుంది" అన్నారు డాక్టరుగారు.

అవసరం ఎక్కణ్ణుంచి తెచ్చేది? అడిగితేనే అన్నం పెడతానని ఒక పూట కంచం పట్టుకుని కూర్చున్నాను. ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు. అంత మొండి. చివరికి నేనే ఏడ్చుకుంటూ ముద్దలు కలిపి పెట్టాను. అన్నం మీద లేని యావ ఆయనకి టీవీ మీద ఉంది. పొద్దస్తమానం దాని వంకే చూపు. అప్పుడు పుట్టింది నాకీ ఆలోచన: నోటితో అడిగితే తప్ప ఏదీ చూపించని టీవీ అయితే?

ఇక మొదలైంది నా వేట. కేబులు అబ్బాయి "నెట్టుతో పాటు పెట్టె ఉత్తినే ఇస్తామక్కా" అన్నాడు. దాని రిమోటు నిండా బొత్తాలే. బొత్తాలుంటే బావ నోరెందుకు తెరుస్తాడు? వద్దన్నాను. గుడివాడ కొట్టువాడు చిన్న కీబోర్డు ఉన్నది చూపించి, ఇంతకంటే సుఖం లేదన్నాడు. సుఖం ఎవడిక్కావాలయ్యా అనుకుని బస్సెక్కేశాను. మా అక్క దానికి అసలు రిమోటే లేదు, అంతా ఫోన్లోంచే. జనం సుఖపడ్డానికి ఎన్ని కనిపెట్టారో! నాకు కావలసిన కష్టం మాత్రం ఒక్కడూ అమ్మడం లేదు.

చివరికి కోనేరు సెంటర్లో ఓ చిన్న కొట్టులో దొరికింది. కొట్టాయన పెద్దవాడు, తెల్ల గడ్డం, తల మీద అల్లిన టోపీ. నేను చెప్పినదంతా ఓపిగ్గా విని, రిమోటు ఒకటి తీసి, దాని మీది బాణం బొత్తాల పైన మైకు బొమ్మ ఉన్న బొత్తాం చూపించాడు.

"ఇది నొక్కి పట్టుకుని మాట్లాడాలమ్మా. తెలుగులో అడిగినా పలుకుద్ది" అని తనే నొక్కి, పాత పాటలు కావాలని అడిగాడు. టీవీ నిండా పాత పాటలు వచ్చి కూర్చున్నాయి. నాకు ప్రాణం లేచి వచ్చింది.

"మాట సరిగ్గా రానివాళ్లు అడిగితేనండీ?" అన్నాను.

ఆయన రిమోటు గాజు బల్ల మీద పెట్టాడు. "మాట స్పష్టంగా ఉంటేనే పలుకుద్దమ్మా. అబద్ధం చెప్పి అమ్మలేను. మీ ఆయన్ని ఓసారి ఇక్కడికి తీసుకురాకూడదూ, ఆయన చేతే అనిపించి చూద్దాం?"

"గడప దాటి రావట్లేదండీ. మీరు కట్టివ్వండి, మిగతాది నేను చూసుకుంటాను" అన్నాను. ఆయన కట్టిచ్చాడు.

మా మరిది వచ్చి బిగించాడు. బావ బోటు ఇప్పుడు తనే నడుపుతున్నాడు. పాత రిమోటుని నేను బియ్యం డబ్బాలో దాచేశాను. కొత్తదాన్ని బావ ఎడమ చేతిలో పెట్టి, "ఇది నొక్కి ఏం కావాలో చెప్పు బావా. చెప్తేనే వస్తుంది, లేకపోతే రాదు" అన్నాను. నా మొహంలోకి ఒకసారి చూసి, దాన్ని పక్కన పడేశాడు. నల్లటి టీవీ వంక చూస్తూ రోజులు వెళ్లదీశాడు. నేనూ తగ్గలేదు. మొండితనం ఆయన సొత్తేం కాదుగా.

ఒక సాయంత్రం పొయ్యి మీద పులుసు మరుగుతోంది. ముందు గదిలోంచి ఏదో గొంతు. ఎవరొచ్చారా అని తొంగి చూద్దును కదా, బావ! రిమోటు నోటికి దగ్గరగా పెట్టుకుని, మైకు బొత్తాం నొక్కి పట్టుకుని, ఏదో అంటున్నాడు. ముద్దముద్దగా, తడితడిగా, అయినా గొంతు ఆయనదే. ఓరి నాయనో! గరిటె చేతిలోనే ఉంది, వీధిలోకి పరుగెత్తాను. "మా బావ మాట్లాడాడు! మా బావ మాట్లాడాడు!" అని కనిపించిన ప్రతివాళ్లకీ చెప్పాను. పులుసు మాడి బొగ్గయింది. అంత కమ్మటి మాడు వాసన నా జన్మలో పీల్చలేదు.

మర్నాడు సాయంత్రం సరిగ్గా ఆ వేళకే మళ్లీ. ఆ మర్నాడూ అంతే. ఏమంటున్నాడో నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు, టీవీకీ కాలేదు. అర్థం కాలేదు, మళ్లీ చెప్పండి అని తెర మీద అక్షరాలు పడేవి. ఆయనకి చదువు రాదు. పర్వాలేదు, అంటూ ఉంటే నాలుక అదే తిరుగుతుందిలే అనుకున్నాను.

మరిది చేపల వేట నుంచి రాగానే తీసుకొచ్చి కూర్చోబెట్టాను. పొద్దు వాలింది. బావ రిమోటు అందుకుని, నొక్కి, ఏదో అని, బొత్తాం వదిలి, దాన్ని చెవికి ఆనించుకున్నాడు. కళ్లు చిన్నవి చేసి విన్నాడు. మళ్లీ నోటి దగ్గర పెట్టుకున్నాడు. మరిది మొహంలో నవ్వు ఆరిపోయింది. నన్ను పెరట్లోకి రమ్మని సైగ చేశాడు.

"వదినా, అన్నయ్య టీవీని అడగట్లేదు. బోట్లని పిలుస్తున్నాడు."

"ఏ బోట్లనయ్యా?"

"సముద్రం మీద మా వైర్‌లెస్ సెట్టు ఇట్టాగే ఉంటది. నొక్కి మాట్లాడాలి, వదిలి వినాలి. చీకటి పడేముందు ఎవరెక్కడున్నదీ ఒకళ్లనొకళ్లం పిలుచుకుంటాం. ఇది ఆ వేళే వదినా."

ఎండుచేపల తట్ట మీదే కూలబడ్డాను. ఇన్ని సాయంత్రాలూ ఈ మనిషి సముద్రంలోకి కేకలు వేస్తున్నాడన్నమాట, ఎవరూ పలకడం లేదన్నమాట. నేను మాత్రం వీధి వీధంతా చాటుకుంటూ తిరిగాను, సిగ్గులేకుండా.

"ఎవరూ పలకకపోతే మానేస్తాడేమో. నువ్వు పలుకు" అన్నాను మరిదితో. మరిది తటపటాయించాడు. నేనే బలవంతం చేశాను. మర్నాడు పొద్దు వాలేముందు వాడి ఫోను స్పీకరు పెట్టి టీవీ వెనకాల ఉంచాను. నా ఫోనులోంచి దానికి కలిపి వాడు పెరట్లో వింటున్నాడు. బావ బొత్తాం వదలగానే నేను పెరటి గుమ్మంలోంచి వాడికి చెయ్యి ఊపాలి, అప్పుడు వాడు మాట్లాడాలి. అదీ ఏర్పాటు.

బావ నొక్కాడు, పిలిచాడు, వదిలాడు. చెయ్యి ఊపాను.

"అన్నయ్యా, వినపడతందే! చెప్పు!"

ఆ మొహం నేను ఎలా చెప్పను! ఇన్ని నెలల్లో నాకు కనపడని నా మొగుడు ఒక్కసారిగా అక్కడ కూర్చున్నాడు. వెన్ను నిటారుగా నిలబెట్టాడు. బొత్తాం నొక్కాడు, ఇక చెప్పడం మొదలెట్టాడు. గాలి సంగతో, వల సంగతో, మంచాన పడిన సంగతో, ఎంత చెప్పాడో! చెయ్యి తిప్పుతున్నాడు, మధ్యలో నవ్వుతున్నాడు, ఎవరినో తిడుతున్నాడు కూడా. అందులో మాటగా తెలిసేది ఒక్కటంటే ఒక్కటి లేదు. చెప్పి, వదిలి, చెవికి ఆనించుకున్నాడు.

మరిది ఏం జవాబిస్తాడు? మళ్లీ చెయ్యి ఊపాను. పాపం, బోటు మీద మాట సరిగ్గా అందనప్పుడు ఏమంటారో అదే అన్నాడు.

"అర్థం కావట్లేదన్నయ్యా. మళ్లీ చెప్పు."

బావ మళ్లీ చెప్పాడు, ఈసారి నెమ్మదిగా.

"నీ గొంతు బాగానే అందుతోంది. మాటే తెలియట్లేదు. మళ్లీ చెప్పన్నయ్యా."

మరిది ఏడుస్తున్నాడని గొంతులో తెలిసిపోతోంది. బావ రిమోటుని కిందకి దించాడు. అప్పటిదాకా అవతలి బోట్లు దూరంగా ఉన్నాయని, అందుకే జవాబు రావడం లేదని ఆయన నమ్మకం. తను మాత్రం చక్కగా మాట్లాడుతున్నాననే అనుకుంటున్నాడు. గొంతు అందుతోంది, మాటే లేదని ఇప్పుడు ఆయన తమ్ముడే చెప్పాడు. ఆయన ఎడమ చెయ్యి మెల్లగా పైకి లేచి తన పెదవుల్ని తడుముకుంది, అక్కడ ఏం జరిగిందో చూసుకుంటున్నట్టు. తర్వాత గుమ్మంలో ఉన్న నా వైపు తిరిగాడు. అంత కోపంగా ఆయన నన్ను ఎన్నడూ చూడలేదు. అది కోపం కూడా కాదేమో.

"ఏం లేదు బావా, ఫోను బాగాలేదు, అంతే" అన్నాను. నా మాట నాకే వినపడలేదు.

డాక్టరుగారికి చెప్తే, ఇంకా ప్రయత్నించండి అన్నారు. మెత్తగా అన్నారు, నా కళ్లలోకి చూడకుండా అన్నారు. నేను రిమోటు ఇచ్చి చూశాను, బతిమాలాను, తిట్టాను, దండం కూడా పెట్టాను. ఆ నోరు మళ్లీ తెరుచుకోలేదు.

ఇప్పుడు మా టీవీ బాగానే నడుస్తోంది. కొత్త రిమోటు మీద నేను చెప్పకుండా దాచిన బాణం బొత్తాలు బావ తనే నేర్చుకున్నాడు. తెర మీద ఒక్కో గడీ జరుపుకుంటూ తనకి కావలసింది తనే పెట్టుకుంటాడు, నాకన్నా వేగంగా. పొద్దు వాలే వేళకి మాత్రం టీవీ కట్టేసి, మళ్లీ మాట్లాడమని నేను అడిగేలోపే గోడ వైపు తిరిగి పడుకుంటాడు.