ముందు నీ పేరు చెప్పు

అమెరికాకి ఫోన్ చేస్తే వినిపించే మోత మన దగ్గరి మోతలా ఉండదు. ఇక్కడ సింగపూర్‌లో రెండేసి కూతలుగా మోగుతుంది. అక్కడ ఒకటే పొడుగాటి మోత, కాసేపు నిశ్శబ్దం, మళ్ళీ అదే మోత. ఈ పొద్దున బుకిట్ పంజాంగ్‌లో మా వంటింట్లో పొయ్యి మీద ఉప్మా ఉడుకుతోంది, గట్టు మీద స్పీకర్లో పెట్టిన ఫోను మోగుతోంది. ఆ మోత వినగానే సత్యవతి ఆంటీ గుర్తొచ్చింది. పోయినవాళ్ళు గుర్తొస్తే కళ్ళు చెమరుస్తాయంటారు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. స్కూలుకి బయల్దేరుతున్న మా అమ్మాయి షూ వేసుకుంటూ, "సో ఎర్లీ ఆల్రెడీ కాలింగ్ ఆ, మమ్మీ? రిలాక్స్ లా," అని సింగపూర్ ఇంగ్లీషులో అంది. రిలాక్స్ అట! నోరు మూసుకుని బస్సెక్కమన్నాను.

నా ఉద్యోగమేమిటో మా పెద్దమ్మకి ఇప్పటికీ అర్థం కాదు. అమెరికా ప్రభుత్వం అక్కడి యూనివర్సిటీలకి పెద్ద పెద్ద పరిశోధన కాంట్రాక్టులు ఇస్తుంది. ఇచ్చేముందు ఒక ప్లాను అడుగుతుంది. ఈ పనిలో ఏ భాగం చిన్న కంపెనీల చేత చేయిస్తారు, ఆ కంపెనీలేవి, వాళ్ళని ఎలా వెతికారు, ఇదంతా చూసుకునే మనిషి ఎవరు, అన్నీ అందులో రాయాలి. అలాంటి ప్లాన్లు తయారుచేసిచ్చే ఆఫీసు మాది, ఆంగ్ మో కియోలో ఉంది. అమెరికావాళ్ళు పడుకున్నప్పుడు మేం రాస్తాం, వాళ్ళు లేచేసరికి కాగితం సిద్ధంగా ఉంటుంది. తొమ్మిదేళ్ళ కిందట నేను చేరినప్పుడు ప్రతి ప్లానూ చదివి సంతకం పెట్టే మనిషి సత్యవతి ఆంటీ. ఆవిడ సంతకం లేనిదే ఒక్క కాగితం కదిలేది కాదు. వాళ్ళ ముత్తాత శ్రీకాకుళం వైపు నుంచి మలయా రబ్బరు తోటల్లోకి వచ్చినవాడట. ఆవిడెప్పుడూ ఆ ఊరు చూడలేదు, కానీ ఆ యాస మాత్రం పోలేదు. దాని మధ్యలో మలయ్ ముక్కలూ తమిళం ముక్కలూ పడుతుండేవి. ఆఫీసులో అందరికీ మిస్ సత్యా, నాకు ఆంటీ.

మొదటి వారంలోనే నన్ను పొద్దున్నే ఏడింటికి రమ్మంది. మనకి ఏడయితే వాళ్ళకి ముందురోజు సాయంత్రం, దుకాణాలు కట్టేసే వేళ. నా చేతిలో ఐదు చిన్న కంపెనీల పేర్లున్న కాగితం పెట్టి, ఫోను నా వైపు జరిపింది.

"ముందు నీ పేరు చెప్పమ్మా. పూర్తి పేరు. ఒక్కో అక్షరం విడదీసి చెప్పు."

"నా పేరు వాళ్ళకెందుకాంటీ? మనం ఆఫీసు తరఫున కదా చేస్తున్నాం."

"ఆళ్ళ పేరు మనం కాగితంలో రాసుకుంటన్నాం కదేటి. రేపు పని రాకపోతే తిట్టుకోడానికి ఆళ్ళకీ ఓ పేరుండాల. ఆఫీసుని ఎవలు తిడతారు?"

ఆవిడ పద్ధతి అంతే. పేరు రాసేముందు ఒక ఫోను, కాంట్రాక్టు వచ్చిన ఏడాదికి ఇంకో ఫోను, మీకు పని అందిందా అని. అందలేదంటే ఆ యూనివర్సిటీవాళ్ళ ప్రాణం తోడేసేది. ప్లానులో 'చిత్తశుద్ధితో ప్రయత్నిస్తాం' అని ఒక మాట తప్పనిసరిగా ఉంటుంది. ఆ మాట దగ్గరికొస్తే ఆవిడ పెన్నుతో బల్ల మీద కొట్టి, "సిత్తసుద్ధి అంటే ఫోను సెయ్యడం. మిగతాదంతా సుమ్మా," అనేది. సుమ్మా అంటే తమిళంలో ఉత్తినే అని. మా వాళ్ళు చాటుగా నవ్వేవాళ్ళు. నేనూ నవ్వాను, అబద్ధమెందుకు.

ఆ పట్టుదల ఎక్కణ్ణుంచి వచ్చిందో ఒక మధ్యాహ్నం హాకర్ సెంటర్ తిండి దుకాణాల దగ్గర చేపల కూర తింటూ చెప్పింది. వాళ్ళాయనకి ఒకప్పుడు చిన్న వర్క్‌షాపు ఉండేదట, లేబొరేటరీలకి ఇనుప స్టాండ్లు చేసేవాడట. ఒక పెద్ద కంపెనీ తన టెండరులో ఆయన పేరు రాసుకుంది. పని వాళ్ళకొచ్చింది. ఈయన వేరే పనులు వద్దని చెప్పి ఎదురుచూశాడు. "నెల్లాళ్ళు ఫోను పక్కనే కూకొని అన్నం తిన్నారమ్మా. ఎవలూ సెయ్యలేదు. కూరలో కరేపాకులాగ ఏరి పారేసినారు," అంది. తర్వాత వర్క్‌షాపు మూసేశాడు. ఇంత చెప్పి, నా కంచంలో చేప ముక్క వేసి, మళ్ళీ ఆ మాటెత్తలేదు.

నేను చేరిన మూడో ఏడాది ఒక యూనివర్సిటీ కొత్తగా మా దగ్గరికొచ్చింది. నమూనాకని తమ పాత ప్లాన్లు పంపారు. గడువు దగ్గరపడింది. నేను ఆ పాత జాబితాని ఎత్తి కొత్తదాంట్లో అతికించాను, దాని కిందున్న 'వీరందరితో మాట్లాడాం' అనే వాక్యంతో సహా. ఈ పనిలో ఉన్నవాళ్ళందరూ చేసే తప్పే అది. అందులో డోరతీ అనే ఆవిడ పేరుంది. లేబొరేటరీలకి కావాల్సిన గాజు గొట్టాలు ఊది, వంచి, అతికే చిన్న వర్క్‌షాపు ఆవిడది.

"ఈవిడతో మాటాడినావా?" అంది ఆంటీ.

మర్నాడు ఏడింటికి ఫోను నా ముందుకొచ్చింది. పొడుగాటి మోత మూడుసార్లు మోగాక డోరతీ ఎత్తింది. నా పేరు చెప్పి, యూనివర్సిటీ పేరు చెప్పాను. ఆవిడ చెప్పింది: వాళ్ళు ఇప్పటికి మూడు ప్లాన్లలో తన పేరు రాసుకున్నారు, ఒక్క గొట్టం కూడా చేయించుకోలేదు. పోయినసారి వస్తుందేమోనని చేతిలో ఉన్న ఇంకో పని వదులుకుంది. "మీకు కావాల్సింది నా పేరా, నా పనా?" అని అడిగింది. పక్కనే నిలబడి వింటున్న ఆంటీ మొహం ఎర్రబడింది.

ఆ రోజే ఆంటీ యూనివర్సిటీకి రాసింది, డోరతీకి ఏ పని ఇస్తారో రాతపూర్వకంగా చెప్పండి, లేకపోతే పేరు తీసేస్తాం అని. అటునుంచి ఉలుకూ పలుకూ లేదు. ఆంటీ సంతకం పెట్టనంది. అప్పుడు డైరెక్టరు నన్ను తన గదిలోకి పిలిచాడు. చిన్న కంపెనీ, పైగా ఆడమనిషి నడిపేది, అలాంటి పేరొకటి ఉంటేనే ప్లానుకి బలమన్నాడు. సత్యా మంచావిడే కానీ చాదస్తమన్నాడు. పరిశీలించినవారి గడిలో ఆంటీ బదులు నా పేరు వేసి పంపించెయ్యమన్నాడు. చివర్లో నవ్వుతూ, "నీ వర్క్ పాస్ రెన్యువల్ ఎప్పుడు?" అన్నాడు. ఆఫీసు దాన్ని పొడిగించకపోతే నేనీ దేశం వదలాల్సిందే. ఆ గడువు రెండు నెలల్లో ఉందని వాడికి తెలియదా! అన్నీ తెలిసే అడిగాడు.

పంపించాను. నా చేతులతో నేనే పంపించాను.

మధ్యాహ్నానికల్లా ఆంటీకి తెలిసింది. తిడుతుందని కాచుకుని కూర్చున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. ఆవిడ నా బల్ల దగ్గరికొచ్చి, "మకాన్ సేసినావా?" అంది. తిన్నావా అని! చేశానన్నాను. ఆవిడ వెళ్ళి ఒక్కతే తినొచ్చింది. రిటైర్మెంటు వయసు దాటిన మనిషి, ఏడాదికోసారి కాంట్రాక్టు పొడిగించేవాళ్ళు. ఆ నెలాఖరున పొడిగించలేదు. యూనివర్సిటీకి కాంట్రాక్టొచ్చింది, ఆఫీసులో కేకు కోశారు, ఆంటీ కుర్చీ నాకిచ్చారు. నేను కూర్చున్నాను.

ఆవిడ ఇంటికి వెళ్ళడానికి నాకు నాలుగేళ్ళు పట్టింది. మా ఆఫీసుకి మూడు స్టాపుల దూరంలోనే ఉండేది. మోకాళ్ళు పట్టేసి కుర్చీలోంచి లేవలేకపోతోంది. సారీ చెప్పాను, ఏడ్చాను కూడా. నా ఏడుపంతా అయ్యేదాకా కూర్చుని, "నాకెందుకేటి సారీ? నాకేటి తక్కువైంది? ఆ గాజు పని ఆవిడకి సెప్పు. నంబరు నీకాడుంది కదా," అంది. ఆవిడ మీద ఎంత కోపమొచ్చిందో! క్షమించాను అంటే నోరేమన్నా అరిగిపోతుందా? ఆ కోపంతో రెండు రోజులు ఊరుకుని, మూడో రోజు పొద్దున ఫోన్ చేశాను. ఈ నంబరు వాడుకలో లేదని రికార్డు చేసిన గొంతు చెప్పింది. వెతికితే వర్క్‌షాపు మూసేసి ఏడాది దాటిందని తెలిసింది. ఆ సంగతి ఆంటీకి చెప్పే ధైర్యం లేకపోయింది. పోయినేడు ఆవిడ పోయింది.

నిన్న ఒక ప్లాను నా సంతకానికొచ్చింది. అదే యూనివర్సిటీ. ఏడు చిన్న కంపెనీలు. నాలుగో పేరు డోరతీది. కింద అదే వాక్యం: 'వీరందరితో మాట్లాడాం.' ఎవరితో మాట్లాడారయ్యా? మూతబడ్డ తలుపుతోనా? రాసినతన్ని అడిగితే పాత ప్లానులోంచి తీసుకున్నానన్నాడు. ఆ పాత ప్లాను తెరిచి చూస్తే పరిశీలించినవారి గడిలో నా పేరే ఉంది. ఇంక వాణ్ణేమని తిడతాను?

డోరతీ పేరు కొట్టేశాను. మిగతా ఆరుగురితోనూ నేను స్వయంగా మాట్లాడేదాకా, ఎవరికే పని ఇస్తారో యూనివర్సిటీ రాసిచ్చేదాకా సంతకం పెట్టనని డైరెక్టరుకి రాశాను. ఐదు నిమిషాల్లో ఫోను వచ్చింది. "నీకూ సత్యా జబ్బు పట్టిందా?" అన్నాడు. "పట్టింది. ఆరేళ్ళు ఆలస్యంగా పట్టింది," అన్నాను. నా పాస్ రెన్యువల్ ఈసారి మూడు నెలల్లో ఉంది. అదీ నేనే గుర్తు చేశాను, ఆయనకి శ్రమ లేకుండా.

అందుకే ఈ పొద్దున ఈ ఫోను, ఆ ఆరుగురిలో మొదటి కంపెనీకి. పొడుగాటి మోత నాలుగుసార్లు మోగింది. పొయ్యి మీద ఉప్మా అడుగంటిన వాసన వస్తోంది. అవతల ఎవరో ఆడమనిషి ఎత్తి, అలసిపోయిన గొంతుతో హలో అంది. యూనివర్సిటీ పేరు కంటే ముందు నా పేరు చెప్పాను. పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా, ఒక్కో అక్షరం విడదీసి.

"ఒక్క నిమిషం ఆగండి, రాసుకుంటున్నాను," అంది.

"రాసుకోండి," అన్నాను.