అమ్మ చెప్పని మనవి

పరీక్షలో కణాలు మారాయని తేలినప్పుడు నాకు ముందు భయం వెయ్యలేదు, కోపం వచ్చింది. ఆడవాళ్ళ వైద్య శిబిరానికి మా స్కూల్లో టీచర్లందరూ వెళ్తుంటే మొహమాటానికి వెళ్ళినదాన్ని. చోడవరంలో పిల్లలకి లెక్కలు చెప్పుకుంటూ హాయిగా ఉన్నదాన్ని, ఎందుకొచ్చిన గొడవ ఇది అనుకున్నాను. విశాఖలో డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది. గర్భసంచి మూతి దగ్గర కణాలు మారాయట. ఇది క్యాన్సర్ కాదట. ఏళ్ళ తరబడి వదిలేస్తే కావచ్చట. ఆ కాస్త భాగం తీసేస్తే సరిపోతుందట.

తీసేసే రోజు మా ఆయనకి సెలవు దొరకలేదు. పిన్ని తోడొచ్చింది. అమ్మని అప్ప అని పిలిచే సొంత చెల్లెలు, మాకు రెండు వీధుల అవతలే ఉంటుంది. అమ్మ పోయాక అటువైపు నుంచి నాకు మిగిలింది ఆవిడే.

కాళ్ళు రెండూ ఎత్తిపెట్టి పడుకోవడమంత చికాకు ఇంకోటి లేదు. ఏదో మందు రాస్తే వెనిగర్ వాసన వచ్చింది. మత్తు సూది చురుక్కుమంది. కరెంటుతో వేడెక్కే సన్నటి తీగ పెట్టి తీస్తారని ముందే చెప్పారు. మిషను గుయ్యిమంది, కాలిన వాసన వేసింది, అంతలోనే "అయిపోయిందమ్మా" అంది డాక్టరమ్మ. అంతేనా అన్నాను. అంతే అంది.

ఆ మాటకి ఏడుపు తన్నుకొచ్చింది. నొప్పేమో అనుకుంది ఆవిడ. కాదు, మా అమ్మ ఇక్కడొచ్చిన క్యాన్సర్‌తోనే పోయిందని చెప్పాను. మేం ఆస్పత్రికి తీసుకెళ్ళేసరికి అది పొట్టంతా పాకేసింది. ముందే వచ్చి ఉంటే అమ్మకి కూడా ఇలాగే అయిపోయేదా అని అడిగాను. చూడకుండా చెప్పలేననీ, తొందరగా వచ్చినవాళ్ళు చాలామంది బతుకుతారనీ అంది. అబద్ధం చెప్పినా బాగుండేది.

తిరుగు బస్సులో, సబ్బవరం దాటాక, శుక్రవారం స్త్రీల కూడికలో నా కోసం ప్రార్థన చేయిస్తానంది పిన్ని. మా చర్చిలో ఎవరికేం కావాలో వాళ్ళు లేచి చెబుతారు. నోటితో చెప్పుకోలేనిదైతే రహస్య మనవి అంటే చాలు. అదేమిటని ఎవరూ అడగరు, అడగడం మర్యాద కాదు. అందరూ కళ్ళు మూసుకుని దేవుడికి అప్పజెప్పేస్తారు. నాది కూడా అలాగే రహస్య మనవి అని చెప్పేస్తానంది.

నాకు ఒళ్ళు మండింది. "రహస్యం ఏటీ లేదు పిన్నీ. గర్భసంచి మూతికి ఆపరేషనని సెప్పు. నువ్వు కూడా వెళ్ళి సూపించుకో" అన్నాను, కాస్త గట్టిగానే. ముందు సీట్లో పెద్దాయన వెనక్కి తిరిగి చూశాడు. చూస్తే చూడనీ.

పిన్ని కిటికీలోంచి చెరకు తోటల వైపు తిరిగింది.

"మీ అమ్మ కూడా రహస్య మనవే పెట్టేదమ్మా" అంది. "వారం వారం లెగిసి అదే సెప్పేది. నీకప్పటికి పిల్లల్లేరు కదా, దాని గురించే అనుకున్నాం."

నేనూ అలాగే అనుకున్నాను. నాకు కడుపు పండలేదని ఊరందరి ముందూ లేచి నిలబడుతోందని అమ్మ మీద విసుక్కున్నాను కూడా.

"బాబు పుట్టేడు. మనవి తీరిపోయిందని మేమే కృతజ్ఞత కూడిక పెట్టించేసేం. ఆ తర్వాత అప్ప మరి లెగనేలేదు. అది తన ఒంటి కోసమని ఏ మొకంతో లెగిసి సెప్తాది?"

ఆ కూడిక మా ఇంట్లోనే జరిగింది. మనవి ఆలకించిన దేవుడికి స్తోత్రం అని పాస్టరమ్మ అన్నప్పుడు, నా కొడుకుని భుజాన వేసుకుని, అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నది అమ్మే.