చోడి అంబలి, నీలం మందు

నారాయణమ్మ కాపురానికి వచ్చిన ఊరు ఇప్పుడు ఉక్కు ఫ్యాక్టరీ ప్రహరీ లోపల ఉంది. ఆమె చోళ్ళు, అంటే రాగులు, చల్లిన మెరక మీద పొగగొట్టం లేస్తోంది. కూర్మన్నపాలెం జంక్షన్లో బస్సు దిగినప్పుడల్లా తలెత్తి దాన్ని చూసేది. ‘నా చోళ్ళు కూడా ఇంత తొందరగా ఎదగలేదమ్మా’ అనుకునేది. అంతే తప్ప కంటతడి పెట్టే మనిషి కాదు.

భూమి పోయాక భర్త వరహాలుకి ఓడరేవులో పని దొరికింది. మొదట మూటలు మోసే కలాసీ, కొన్నేళ్ళకు క్రేను డ్రైవరు. నాగలి పట్టిన చేతులు అరవై అడుగుల ఎత్తున ఇనుప మీటలు పట్టుకున్నాయి. ఆ ఎత్తంటే అతనికి ప్రాణం.

“పైన కూకుంటే గాలి నాతోటే మాటాడతాది నారాయణీ. ఓడలన్నీ కట్టేసిన దూడల్లాగుంటాయి” అనేవాడు.

జీతం వచ్చే ఇంట్లో చోళ్ళకి చోటు లేకపోయింది. అంబలి తాగేది వరి అన్నానికి దిక్కులేనివాడేనని వాళ్ళ వైపు లెక్క. ఆ లెక్కను తుడిచేయడానికే అన్నట్టు వరహాలు మూడు పూటలా తెల్లటి అన్నం తినేవాడు. క్యారియర్ మూడు గిన్నెల్లో రెండు అన్నానివే. పొలం గట్ల మీద నడక పోయింది. కూర్చుని చేసే పనే మిగిలింది.

ఎనభైమూడు వేసవిలో ఒక మధ్యాహ్నం అతని కళ్ళకి క్రేను కొక్కెం రెండుగా కనిపించింది. దించాల్సిన మూటలు నాలుగడుగుల అవతల దిగాయి. ఎవరికీ దెబ్బ తగల్లేదు. పోర్టు డాక్టరు పరీక్ష చేసి షుగర్ అన్నాడు, మాత్రలు రాశాడు. “మూడు నెలలు చూస్తాను. తగ్గకపోతే మళ్ళీ క్రేను ఎక్కనివ్వను. కింద గోడౌన్లో పని చేసుకోవాలి” అన్నాడు. అప్పటిదాకా వేరే మనిషి పక్కనుంటేనే మీట పట్టాలి.

వరహాలు ఇంటికొచ్చి గుమ్మంలో కూలబడ్డాడు.

“భూమి పోనాది. ఇప్పుడు ఆకాశం కూడా పోతాదేటే?” అన్నాడు.

మర్నాడు పొద్దున్నే నారాయణమ్మ వీధి చివర ఉండే కాంపౌండరు గురునాథరావు ఇంటికి వెళ్ళింది.

“బాబూ, ఈ సుగరంటే ఏటి? నాకర్థమయ్యేటట్టు సెప్పండి.”

గురునాథరావు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. “ఒంట్లో ఇన్సులిన్ అని ఒక రసం ఊరుతుందమ్మా. హార్మోను అంటారు. అది పంక్తిలో వడ్డించేవాడి లాంటిది. తిన్నదాన్ని ఒళ్ళంతా తిరిగి పంచిపెడుతుంది. మీ ఆయనకి ఆ వడ్డించేవాడు అలిసిపోయాడు. మాత్ర వాణ్ణి లేపి నిలబెడుతుంది.”

“అయితే పంక్తికి ఒకేసారి అంతమందొచ్చి కూకోకుండా సూసుకోవాలి. అంతేనా?”

ఆయన నవ్వాడు. “అంతే. తెల్లన్నం పరుగెత్తుకొచ్చి కూర్చుంటుంది.”

“మా చోళ్ళు మెల్లగా నడిసొత్తాయి బాబూ. కొర్రలూ అంతే. ఒకపాలి తింటే సాయంత్రం దాకా ఆకలి తెలీదు.”

ఆయన ఆమెకొక గాజు గొట్టం, నీలం మందు సీసా ఇచ్చాడు. మందు కొంచెం పోసి, మూత్రం ఎనిమిది చుక్కలు వేసి, స్పిరిటు దీపం మీద మరిగించమన్నాడు. నీలంగానే ఉంటే మంచిది. ఆకుపచ్చ, పసుపు, నారింజ అని రంగు దిగజారేకొద్దీ చెడ్డది. ఇటుక రంగు అన్నిటికంటే చెడ్డది.

మొదటిరోజు గొట్టంలో సముద్రం ఉంది. మరుగుతుండగా సముద్రంలో పొద్దు గుంకింది. చివరికి ఇటుక బట్టీ మిగిలింది.

నారాయణమ్మ బస్సెక్కి ఎలమంచిలి సంతకి వెళ్ళి చోళ్ళు, కొర్రలు తెచ్చింది. పొద్దున్నే చోడి అంబలి, అందులో ఉల్లిపాయ, మజ్జిగ. రాత్రి నానబెట్టిన మెంతులు ఒక చెంచాడు. మునగాకు, కాకరకాయ. ఇంటి వెనక గోడ వారన రెండు చాళ్ళు తవ్వి గుప్పెడు చోళ్ళు చల్లింది కూడా. అవి తినడానికి కాదు, చూసుకోవడానికి.

ఇంట్లో అంబలి తాగడానికి వరహాలు ఒప్పుకున్నాడు. క్యారియర్లో కొర్రన్నం మాత్రం వద్దన్నాడు. మధ్యాహ్నం గోడౌన్ నీడలో అందరూ వలయంగా కూర్చుని గిన్నెలు విప్పుకుంటారు, ఒకరి కూరలో ఒకరు చెయ్యి పెడతారు. అక్కడ పరువు పోతుంది. అందుకని నారాయణమ్మ గిన్నెలో కొర్రన్నం పెట్టి, పైన పలచగా వరి అన్నం పరిచి, దుప్పటి కప్పినట్టు సర్దింది.

మూడోరోజు, పక్క క్రేను నడిపే సన్యాసిరాజు చెయ్యి ఆ దుప్పటి కిందకి పోయింది.

“ఓరి బావ! నీ అన్నానికి పచ్చకామెర్లు వొచ్చినాయేటి?”

వలయమంతా నవ్వింది. వరహాలు ఇంటికొచ్చి క్యారియర్ గుమ్మంలో పడేశాడు.

“నాను కూటికి లేనోణ్ణని ఊరంతా సాటింపేత్తన్నావేటే?”

నారాయణమ్మ గిన్నెలు ఏరుకుని, కడుగుతూ అంది: “కొర్రన్నం తిండం సిగ్గా, కిందకి దిగిపోడం సిగ్గా? ఏది సిగ్గో నువ్వే తేల్సుకో మావా.”

మర్నాడు పైన దుప్పటి లేకుండానే క్యారియర్ వెళ్ళింది. ఖాళీగా తిరిగొచ్చింది.

నెల తిరిగేసరికి గొట్టంలో ఇటుక నారింజ అయింది. నారింజ పసుపుగా మారబోతోంది. అప్పుడు పొడపత్రి ఆకు వచ్చింది.

సన్యాసిరాజు పాడేరు సంత నుంచి ఆకు కట్ట తెచ్చి, “నమిలి సూడు బావ, సుగరు సచ్చి ఊరుకుంతాది” అన్నాడు. వరహాలు రెండాకులు నమిలి, బెల్లం ముక్క నోట్లో వేసుకున్నాడు. అతని ముఖం పండగలా వెలిగింది.

“నారాయణీ! తీపి సచ్చిపోనాదే! బెల్లం ఇసకలాగుంది. నాలిక మీదే లేని తీపి ఒంట్లో ఎక్కడుంటాది?”

మాత్రల డబ్బా తలుపు పైనున్న అటక మీదకి వెళ్ళిపోయింది. తర్వాతి ఆదివారం ఒక పెళ్ళిలో, ఆకు నమిలి మరీ ఆరు లడ్డూలు తిన్నాడు. అన్నీ ఇసకేనని చుట్టుపక్కల వాళ్ళకి చూపించుకున్నాడు. పదోరోజు నారాయణమ్మ దీపం వెలిగించింది. గొట్టంలో మళ్ళీ ఇటుక బట్టీ.

“నీ మందు పాడైపోనాది” అన్నాడు వరహాలు, దానివైపు చూడకుండా.

గడువుకి ఇంక నలభై రోజులే ఉంది. నారాయణమ్మ ఆ ఆకుల కట్ట విప్పింది. ఒకాకు తుంచి తనే నమిలింది. చేదు. తర్వాత బెల్లం నోట్లో వేసుకుంది. చిన్నప్పుడు సముద్రపు ఒడ్డున పడితే నోట్లోకి వెళ్ళిన ఇసక గుర్తొచ్చింది. ఆమెకి షుగర్ లేదు.

మర్నాడు సన్యాసిరాజు రాగానే వరహాలు పక్కన పీట వేసింది.

“అన్నయ్యా, నీకు సుగరుందేటి?”

“నాకేటి సెల్లీ, రాయిలాగున్నాను! పోర్టులో ఉన్న డాక్టర్లందరూ సూసి ఒగ్గేసినారు.”

“అయితే ఈ ఆకు నమిలి, ఈ బెల్లం తిను.”

నమిలాడు. తిన్నాడు. ముఖం వంకర పెట్టాడు. “థూ! ఇసక!”

“మరి నీకు లేని రోగం ఎలాగ తగ్గిపోనాది అన్నయ్యా?”

సన్యాసిరాజు చేతిలో మిగిలిన ఆకుని కట్టలోకి తోసేశాడు.

“ఆకు నాలికని ఏమార్చింది మావా. గొట్టం ఏమార్చదు.”

వరహాలు లేచాడు. అటక మీద తడిమి మాత్రల డబ్బా దించాడు. మూత మీద దుమ్ము తువ్వాలుతో తుడిచాడు. “నీళ్ళియ్యే” అన్నాడు, అంతకంటే ఒక్క మాట ఎక్కువ లేదు. సన్యాసిరాజు మాత్రం వెళ్తూ వెళ్తూ, “నాకూ రేపొక గిన్ని కొర్రన్నం కట్టు సెల్లీ, రాయి అరిగిపోకుండా” అన్నాడు.

ఆ నలభై రోజులూ మాత్ర తప్పలేదు, అంబలి తప్పలేదు. డ్యూటీ దిగాక వరహాలు రెండు స్టాపుల ముందే బస్సు దిగి నడిచి వచ్చేవాడు. వానలు పడ్డాయి. గోడ వారన చోళ్ళు జానెడు లేచాయి.

గడువు రోజు తెల్లారి నారాయణమ్మ దీపం వెలిగించింది. మందు మరిగింది. నీలం కాస్త కదిలి, తేటపడి, ఆగిపోయింది. ఆకుపచ్చ. గోడ వారన లేచిన చోడి మొలకల రంగు. ఇంకా నీలం కాదు. కానీ ఇటుక ఎక్కడా లేదు.

డాక్టరు తన పరీక్ష తను చేసుకుని, “ఏం తింటున్నావు?” అని అడిగాడు. వరహాలు సిగ్గుపడకుండా చెప్పాడు.

“మాత్ర మానకు, తిండి మార్చకు. నెలకోసారి వచ్చి చూపించు. క్రేను ఎక్కు” అన్నాడు డాక్టరు.

ఆ సాయంత్రం వరహాలు గుమ్మంలోకి వచ్చేసరికి నారాయణమ్మ చేటలో చోళ్ళు చెరుగుతోంది. సన్యాసిరాజు భార్య మంగాయమ్మ పిండి కోసం గిన్నె పట్టుకుని పక్కనే కూర్చుని ఉంది. అతను క్యారియర్ మెల్లగా దింపాడు. చెప్పాల్సిన మాటని దారంతా మోసుకొచ్చినట్టు నిలబడ్డాడు.

“పైనుంచి సూసినాను నారాయణీ. ఈరోజు కొక్కెం ఒకటే ఉంది.”

ఆమె చేట ఆపలేదు. పొట్టు సాయంత్రపు గాలిలో ఫ్యాక్టరీ వైపు ఎగిరిపోయింది. చోళ్ళు చేటలోనే నిలిచాయి, ఎర్రగా, బరువుగా.