టర్బో పోలేదు

ఆ మెకానిక్ షెడ్డులో మొండిఘటం ఎవరంటే ఆమే. షెడ్డు మేనమామది. పద్దెనిమిదేళ్ళ క్రితం విడిభాగాలు కడగడానికి వచ్చి, పక్కన నిలబడి చూసి చూసి టర్బో పని పట్టేసింది. ఎన్ని బండ్లు బాగుచేసినా కస్టమరు ముందు నోరు విప్పే హక్కు మాత్రం రాలేదు. "ఆడమనిషి నోరు విప్పిందంటే బండి ఇంకో షెడ్డుకి పోతుంది" అనేవాడు మేనమామ. విన్నప్పుడల్లా ఆమెకు ఒళ్ళు మండేది.

ఆ రోజు ఒక టాక్సీ వచ్చింది. ఎత్తు ఎక్కడం లేదట, నల్లపొగట. మేనమామ బానెట్ ఎత్తి, గొట్టాలు తడిమి, "టర్బో పోయింది, కొత్తది వెయ్యాలి" అని తేల్చేశాడు. డ్రైవరు మొహం వాడిపోయింది.

"పోలేదు మావయ్యా" అందామె, డ్రైవరు వింటుండగానే.

మేనమామ కళ్ళెర్రజేశాడు. "నీ మాట తప్పయితే రేపట్నుంచి మళ్ళీ కడిగే పనే. పానా ముట్టుకోకూడదు."

"రైటయితే, ఇకమీదట టర్బో బండి ఏదొచ్చినా మొదటి మాట నాది. కస్టమరు ముందే."

"ముందు తేల్చు, తర్వాత చూద్దాం."

ఆమె టర్బో మూతి దగ్గర గొట్టం ఊడదీసి, లోపలి ఇరుసును వేళ్ళతో ఊపి చూసింది. వదులు లేదు, ఆయిలు కారలేదు.

"చూడన్నా" అంది డ్రైవరుతో. "ఇంజిన్ వదిలే పొగ ఒక చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసుకి ఇటువైపు చక్రం బయటి గాలిని ఒత్తి ఇంజిన్‌లోకి తోస్తుంది. గాలెక్కువైతేనే డీజిలెక్కువ కాలి బలమొస్తుంది. ఆ గాలి దారిలో ఎక్కడో పోతోంది."

టర్బో మూతికి రబ్బరు మూత బిగించి, కంప్రెసర్ గాలి పెట్టి, గొట్టాలన్నిటి మీదా సబ్బునీళ్ళు చల్లింది. ఒక్క బుడగా రాలేదు.

"చాల్లే, లే ఇక" అన్నాడు మేనమామ.

లేవలేదు. బండి కిందికి దూరి, గొట్టం అడుగున మడత పడ్డ చోట చల్లింది. బుసబుసా నురగ పొంగింది. చిటికెన వేలంత చీలిక.

"ఇంజిన్ ఊరికే ఆడుతున్నప్పుడు తడిమి బాగుందంటావు. ఒత్తిడి లేనప్పుడు చీలిక మూసుకునే ఉంటుంది మావయ్యా!" అని కింద నుంచే అరిచింది. ఇన్నాళ్ళ కోపమంతా ఆ అరుపులో ఉంది.

కొత్త గొట్టం వేశాక టాక్సీ ఎదురుగా ఉన్న ఎత్తు గేరు మార్చకుండా ఎక్కేసింది.

సాయంత్రం ఇంకో బండి వచ్చింది. "టర్బో సరిగ్గా లాగడం లేదండీ" అన్నాడు బండాయన. మేనమామ అలవాటుగా నోరు తెరిచి, ఆమె వైపు చూసి, "మా మేనకోడలు చెబుతుంది" అన్నాడు.

బండాయన ఆమె వెనక ఎవరైనా మగమెకానిక్ ఉన్నాడేమోనని తొంగిచూశాడు.

"వెనకెవరూ లేరు. నేనే" అందామె. "బానెట్ ఎత్తండి."