ఇప్పపువ్వు డ్రమ్ములు దాచిన బావి

ఇల్లందులో ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెబుతాను. డీకార్బాక్సిలేషన్ పాఠం వచ్చిందంటే నాకు ఒళ్ళు మండుతుంది. పైరూవిక్ ఆమ్లంలోంచి కార్బాక్సిల్ సమూహం ఊడి, కార్బన్ డయాక్సైడ్ అయి బయటికొస్తుందని బోర్డు మీద రాస్తాను. కల్లు పులిసినా, ఇప్పపువ్వు పులిసినా జరిగేది అదే. మామూలు గాలికన్నా బరువు కాబట్టి గుంతల్లో అడుగున పేరుకుంటుంది, రంగూ వాసనా ఉండవు. పిల్లలు గబగబా రాసుకుంటారు. అదే మా అన్నను మింగిందని వాళ్ళకు చెప్పను.

అన్నది అడవి అంచున వ్యవసాయం. ఎండాకాలంలో ఇప్పసారా కాచేవాడు. వద్దన్నా అని ఎంత మొత్తుకున్నా వినలేదు, మొండిఘటం. ఆ ఏడాది ఎక్సైజ్ వాళ్ళు తిరుగుతున్నారని తెలిసి, పువ్వు నానబెట్టిన డ్రమ్ములను చేలో ఎండిపోయిన బావిలోకి దించి, పైన తాటాకులు కప్పాడు. కొన్నాళ్ళు అక్కడే పులియనిచ్చాడు.

మా వైపు పాత బావిలోకి ఎవరు దిగినా ముందు వెలిగించిన లాంతరు దించుతారు. అది ఆరిందంటే మనిషి దిగడు. డ్రమ్ములు పైకి తీద్దామనుకున్న ఆ పొద్దున వదిన అలవాటుగా లాంతరు వెలిగించి అందిస్తే అన్న కసురుకున్నాడు.

"సారా కాడ దీపమేందే? భగ్గుమంటది."

సారా ఇంకా కాయనే లేదు. అవి ఉత్త పులిసిన నీళ్ళు, పొయ్యిలో పోస్తే పొయ్యే ఆరిపోతుంది. ఆ ముక్క చెప్పడానికి నేను అక్కడ లేకపోతిని. అన్న తాడు పట్టుకుని దిగాడు, అడుగుకు చేరీ చేరకముందే కూలబడ్డాడు. పైన తాడు పట్టుకున్న పక్కింటాయన తానూ దిగబోతే, వదిన ఆయన చొక్కా పట్టి ఆపింది. అప్పుడు దించారు లాంతరు. సగంలోనే ఆరిపోయింది. బావిలో పడ్డ బిందెలు తీసే పాతాళగరిగె వేసి అన్నను పైకి లాగేసరికి దవాఖానాకు తీసుకుపోయే పనే లేకపోయింది.

దినాలు అయ్యాక వదిన నన్ను పెరట్లోకి పిలిచింది.

"నువ్వు సదువుకున్నోనివి, నిజం చెప్పు. నేను మొండికేసి దీపం దించితే అంటుకునేదా?"

అంటుకోదని చెబితే ఈమె బతికినన్నాళ్ళూ తనను తాను తిట్టుకుంటుంది. పాఠం పాడుగాను అనుకున్నాను.

"అంటుకునేది వదినా. అన్న చెప్పిందే నిజం."

ఆమె నా మొహంలోకి చూసింది.

"మరి తర్వాత దించినం గద," అంది. "ఊకెనే ఆరిపాయె."