ఎవరిదని అడగకూడని నీడ

ఛాయా సోమేశ్వరాలయం చూడాలనుకునేవారికి ముందుగా ఒక మాట. తార్నాకలో పొద్దున్నే బయలుదేరితే సాయంత్రానికి ఇల్లు చేరిపోవచ్చు. అంత దగ్గర. అంత దగ్గరి చోటికి వెళ్లడానికి నాకు ఇరవై మూడేళ్లు పట్టింది. దారి తెలియక కాదు, మొహం చెల్లక.

ఆ గుడి సంగతి నాకు మొదట చెప్పింది స్వరూప. క్యాంపస్ లేడీస్ హాస్టల్లో నా రూమ్మేట్. నాది భౌతికశాస్త్రం, తనది తెలుగు శాఖ. పాత గుళ్ల చుట్టూ జనం చెప్పుకునే కథల మీద పరిశోధన చేసేది. సొంతూరు నల్లగొండ పక్కన పల్లె. ఆ దగ్గర్లోనే ఉన్న పానగల్లు గుడిలో, శివలింగం వెనక గోడ మీద పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక స్తంభం నీడ కదలకుండా నిలబడి ఉంటుందనీ, అది ఏ స్తంభానిదో తెలియదనీ చెప్పేది. ఒక్కసారి రావే అని ఎన్నిసార్లు అడిగిందో. పరీక్షలు, జ్వరాలు, మా భీమవరంలో పెళ్లిళ్లు, నాకెప్పుడూ ఏదో ఒకటి అడ్డం వచ్చేది.

తను ఆ నీడ మీద ఒక అధ్యాయం రాసి సెమినార్ ఇచ్చిన రోజు నేనూ వెళ్లాను. చివర్లో ప్రశ్నలుంటే అడగమన్నారు. నేను ఊరుకోవచ్చుగా. బల్ల మీద రెండు టేబుల్ లైట్లు, నాలుగు పెన్సిళ్లు నిలబెట్టి, ఆ నీడ ఎలా పడుతుందో అందరికీ చూపించేశాను. సామాను ముందే సంచిలో సర్దుకుని వెళ్లాను మరి. చప్పట్లు కొట్టారు. ఇంక ఈ అధ్యాయం దేనికమ్మా అని ఎవరో అంటే గదంతా నవ్వింది. స్నేహితురాలికి సాయం చేశాననుకుని మురిసిపోయాను కూడా. నెల తిరక్కుండా స్వరూప పరిశోధన మానేసి టీచరు ఉద్యోగంలో చేరిపోయింది. నా ఉత్తరాలకి జవాబు రాయలేదు.

ఇప్పుడు నేను అదే క్యాంపస్‌లో పాఠాలు చెబుతున్నాను. ఆ హాస్టల్ ముందు నుంచి వెళ్లిన ప్రతిసారీ స్వరూప మీద బెంగ పుట్టుకొస్తుంది. తనని ఒక్కసారి చూడాలి, తప్పయిందని చెప్పాలి. పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో ఈమధ్య తన నంబరు దొరికింది. ఆదివారం పదకొండింటికి పానగల్లు గుడిలో ఉంటాను, నువ్వొస్తే బాగుంటుంది అని పంపాను. రెండు నీలం టిక్కులు పడ్డాయి. జవాబు మాత్రం రాలేదు. అయినా బయలుదేరాను.

ఏడుంబావుకి తార్నాకలో మెట్రో ఎక్కి చివరి స్టేషన్ నాగోలులో దిగాను. అక్కణ్ణుంచి ఆటోలో ఎల్బీ నగర్. రోడ్డు పక్క బండి దగ్గర నాలుగు ఇడ్లీలు తిని ఎనిమిదీ పదికి నల్లగొండ బస్సెక్కాను. ఆడవాళ్లకి టికెట్టు లేదు గానీ ఆధార్ కార్డు చూపించి సున్నా టికెట్టు తీసుకోవాలి. మర్చిపోకండి.

చౌటుప్పల్లో ఒక పెద్దావిడ బంతిపూల సంచితో ఎక్కి నా పక్కన కూచుంది. ఎక్కడికని ఆరా తీసింది. చెప్పాను. ఆ గుడి చెక్కిన శిల్పి పని ముగిసినా ఇంటికి పోలేదనీ, అతని కోసం వచ్చిన భార్య అక్కడే నిలబడిపోయిందనీ, ఆ నీడ ఆమెదేనని వాళ్లమ్మ చెప్పేదట.

"ముందుగాల నీడకు మొక్కు బిడ్డా, తర్వాత లింగానికి. ఎవ్వలదని మాత్రం అడగొద్దు," అంది.

ఎందుకు అడక్కూడదని నేను వెంటనే అడిగాను. ఆవిడ నన్నోసారి చూసి కిటికీ వైపు తిరిగింది. నా బుద్ధి అంతే.

పదీ ఇరవైకి నల్లగొండ. బస్టాండు బయటే పానగల్లుకి షేర్ ఆటోలు దొరుకుతాయి. గుడి ఊరికి కాస్త ఎడంగా, వరి పొలాల మధ్య ఉంది. మూడు గర్భగుళ్లు ఒకే మండపంలోకి తెరుచుకుంటాయి. నల్లరాతి స్తంభాల మీద చెక్కడం ఎంత సన్నగా ఉందంటే వేలితో తడమకుండా ఉండలేం. మూడింటిలో ఒక దాంట్లో ఉంది నీడ. లింగం వెనక గోడ మీద, నిటారుగా.

నేను కారణం తెలిసినదాన్ని కదా. రెండు పక్కల సందుల్లోంచి వచ్చే వెలుతురులో నాలుగు స్తంభాల నీడలు గోడ మీద ఒక్కటిగా కలిసే తీరది. అయినా ఒక్కో స్తంభం దగ్గరికీ వెళ్లి నిలబడ్డాను, చెయ్యి ఊపాను, పక్కకి జరిగాను. నీడ చలించలేదు. అందరు గట్లనే చేస్తరు మేడం అని పూజారి విసుగు లేకుండా అన్నాడు. నిజమే, నా వెనకొచ్చిన కుటుంబంలో తాత దగ్గర్నుంచి మనవరాలి దాకా స్తంభాల చుట్టూ తిరిగి చేతులూపారు. తర్వాత మాట్లాడకుండా కూచున్నారు. నేనూ కూచున్నాను.

పదకొండున్నర అయింది. పన్నెండు. పొలంగట్టు వైపు చూసి చూసి మెడ నొప్పి పుట్టింది. ఇక రాదని లేచి చెప్పులేసుకుంటుంటే స్కూటీ ఒకటి వచ్చి ఆగింది. హెల్మెట్ తీసింది స్వరూప. సగం జుట్టు నెరిసింది. నడక మాత్రం అదే. వేసుకుంటున్న చెప్పు వదిలేసి ఎదురెళ్లాను.

మెట్ల మీద పక్కపక్కన కూచున్నాం. బస్సులో దారంతా కూర్చుకున్న మాటలు ఎత్తుకోబోయాను. తను చేత్తో ఆపింది.

"గా మాటలు తర్వాత. లోపల ఏం చూసినవో చెప్పు. ఎట్ల పడ్తదో వద్దు."

"నీడ ఉంది. అన్ని స్తంభాల దగ్గరా నిలబడి చూశాను, కదల్లేదు. కాసేపటికి ఎవరిదో తెలుసుకోవాలని కూడా అనిపించలేదు. ఊరికే కూచున్నా."

స్వరూప ఒళ్లోని హెల్మెట్ తీసి మెట్టు మీద పెట్టింది.

"నేను రాసింది గదే రమా. మహిమ అని యాడ రాయలే. ఈడికొచ్చినోళ్లు ఏం చేస్తరు, ఏం చెప్పుకుంటరు, ఎట్ల సప్పుడు చెయ్యకుంట కూసుంటరు, గంతే రాసిన. నువ్వు చదవలే."

చదవలేదు. సెమినార్లో కూడా నా ధ్యాసంతా సంచిలోని పెన్సిళ్ల మీదే. అధ్యాయం పేరు విని, లోపల ఏముంటుందో నేనే ఊహించేసుకుని, లేని మాటకి జవాబు చెప్పొచ్చాను. తప్పయిందని అప్పుడన్నాను. వంద మంది ముందు నవ్వులపాలు చేసి, మెట్ల మీద ఒక్కదానికి చెప్పుకోవడం ఏం న్యాయమో నాకే తెలియలేదు. ఇప్పుడైనా చదువుతాను, ఇవ్వవా అని అడిగాను.

"యాడుందే ఇంకా. రూం ఖాళీ చేసిన్నాడే పాత పేపర్లు కొనెటోనికి ఏసిన," అంది. నిష్ఠూరంగా కాదు, మామూలుగానే. అది ఇంకా కష్టంగా తోచింది.

తను తెచ్చిన జొన్నరొట్టె, పచ్చిపులుసు ఇద్దరం తిన్నాం. పిల్లల సంగతులు, మోకాళ్ల నొప్పులు చెప్పుకున్నాం. తార్నాక రమ్మంటే చూద్దాం లే అంది. రెండింటికి నన్ను స్కూటీ మీద బస్టాండులో దింపి, వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది.

రెండూ ఇరవైకి తిరుగు బస్సు. గుడి మధ్యాహ్నం మూసే వేళ ముందే కనుక్కుని వెళ్లండి. నీడని మాత్రం తీరిగ్గా కూచుని చూడండి. నార్కట్‌పల్లి దాటాక కిటికీకి తలానించి నేను లెక్కేసుకున్నది దూరమే. ఇవాళ పొద్దున మెట్రో, ఆటో, బస్సు, మళ్లీ ఆటో ఎక్కి అంత దూరం వెళ్లాను. ఆ కాగితాలు చదవడానికైతే ఆ రోజుల్లో నా మంచం దిగి నాలుగడుగులు వేస్తే సరిపోయేది.